‘మా కోడలు గుప్పెడు మెతుకులే పెడుతుంది’

గుంటూరు కొరిటెపాడు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు. చివరి పేజీకి వచ్చేసరికి చేతిరాత గజిబిజి అయిపోయింది. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. క్లుప్తంగా విషయం ఇది.

ఆవిడకు 39 ఏళ్ళు. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. భర్తది ఎరువుల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు ఒంగోలు, మార్కాపురం వైపే ఉంటారు. ఇద్దరు పిల్లలు. మామగారికి 71. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 30 ఏళ్ళకు పైగా గుమస్తాగా చేసి మానుకున్నారు. షుగర్ వచ్చి 12 ఏళ్ళు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆయన తిండి సంగతి ఆవిడే చూసుకున్నారు. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది.

ఆర్నెల్ల కిందట, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.9 వచ్చింది. డాక్టరు తిండి తగ్గించమని చెప్పి, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అలాగే కొనసాగించమన్నారు. ఆ రోజు నుంచి ఈవిడ పట్టుదలగా దిగారు. పొద్దున ఇడ్లీ ఆపేసి పెద్ద గ్లాసుతో రాగి జావ. మధ్యాహ్నం వరన్నం బదులు కొర్రన్నం. రాత్రి రెండు పుల్కాలు, కాస్త కూర. పచ్చళ్ళు బంద్, స్వీట్లు బంద్. ‘నేనూ ఆయనతో పాటు కొర్రన్నమే తింటున్నానండీ, అది మాత్రం ఎవరికీ కనబడదు’ అని మధ్యలో ఒక వాక్యం.

ఇంత చేసినా అంకెలు మాట వినడం లేదు. పరగడుపున 110, 120 ఉంటోంది. టిఫిన్ తర్వాత 270 దాకా, మధ్యాహ్నం భోజనం తర్వాత 240, 260. పైగా మామగారు సాయంత్రం ఐదయ్యేసరికి చెప్పులేసుకుని బయటికి వెళ్తున్నారు. వీధి చివర బండి దగ్గర పునుగులు తింటూ మనవడి కంట్లో పడ్డారు. ఉతికిన పంచెలు సర్దుతుంటే బీరువా అడుగున తొక్కుడు లడ్డూల డబ్బా బయటపడింది.

ఈ మధ్య ఒక రాత్రి రెండున్నరకు ఆయన గదిలో చప్పుడైతే వెళ్ళి చూశారట. చొక్కా తడిసి ముద్దగా ఉంది, చేతులు వణుకుతున్నాయి, లేని అత్తగారిని మంచినీళ్ళు అడుగుతున్నారు. షుగర్ చూసే మిషన్ పెడితే 54. పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకున్నారు. తెల్లారాక ఆయనకు ఏమీ గుర్తు లేదు.

ఆ తర్వాతి ఆదివారం బంధువుల గృహప్రవేశం. బంతిలో కూర్చున్న మామగారు వడ్డించేవాళ్ళతో, “బాగా వెయ్యండయ్యా, మా కోడలు గుప్పెడు మెతుకులే పెడుతుంది” అన్నారు. నలుగురూ నవ్వారు. ఆడపడుచు నవ్వలేదు. ఆ రాత్రి భర్తకు చెప్పుకుంటే ఆయన, “ఈ వయసులో నాన్నని ఎందుకు మాడుస్తావు, తినేదేదో తిననివ్వు” అన్నారు.

‘గట్టిగా ఉండాలా, వదిలెయ్యాలా? వదిలేశాక రేపు కాలికో కంటికో ఏమైనా అయితే అప్పుడూ నన్నేగా అంటారు?’ అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా,

అంటారు. వదిలేసినా అంటారు, గట్టిగా ఉన్నా అంటారు. మన ఇళ్ళలో అన్నం గరిటె ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళకే తగులుతుంది. కాబట్టి మాట పడకుండా ఉండే దారి కోసం వెతకడం మానేద్దాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది గృహప్రవేశమూ కాదు, లడ్డూల డబ్బా కూడా కాదు. రాత్రి రెండున్నరకు మిషన్‌లో కనబడ్డ ఆ 54. మీరు దాన్ని నాలుగు ముక్కల్లో రాసేసి బంధువుల మాట దగ్గరికి వెళ్ళిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఆయన వేసుకునే బిళ్ళలో రెండు మందులున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే మామూలుగా షుగర్‌ని మరీ పడగొట్టదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. ఆ పూట పళ్ళెంలో పడింది నాలుగు గరిటెల అన్నమా, రెండు పుల్కాలా అన్నది దానికి అక్కర్లేదు. అత్తగారి హయాంలో ఆయన రాత్రిపూట తిన్న అన్నానికి సరిపోయిన మోతాదు అది. ఇప్పుడు తిండి సగానికి తగ్గింది, బిళ్ళ మాత్రం అలాగే ఉంది. రాత్రంతా కడుపులో ఏమీ లేకుండా ఆ మందు పనిచేస్తూ పోతే తెల్లవారుజామున జరిగేది అదే.

ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికి లేదు. తిండి తగ్గించమన్నవాళ్ళు, తగ్గించాక బిళ్ళ సంగతి ఒకసారి వచ్చి అడగమని కూడా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎదురుగా కూర్చున్న పేషెంటుకు ఐదు నిమిషాలు దొరికే చోట ఇలాంటివే జారిపోతాయి.

అందుకని ముందు పని. ఈ ఆదివారం దాకా ఆగకుండా రేపే డాక్టరుకు ఫోన్ చెయ్యండి, వీలైతే వెళ్ళండి. రాత్రి 54 కి పడిందని, భోజనం ఎంత తగ్గిందో, బిళ్ళ ఎన్నింటికి వేసుకుంటున్నారో, ఎన్నింటికి తింటున్నారో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారో చూడండి. కిడ్నీలు నెమ్మదించినవాళ్ళలో ఇలాంటి మందుల ప్రభావం ఎక్కువసేపు ఉండిపోతుంది, 71 ఏళ్ళ మనిషి కాబట్టి అది తెలిసి తీరాలి. రాత్రి మోతాదు తగ్గిస్తారో, షుగర్‌ని పడగొట్టని వేరే మందుకు మారుస్తారో అది వాళ్ళ పని. మీ అంతట మీరు బిళ్ళ విరిచి ఇవ్వకండి, ఆపెయ్యకండి. డాక్టరు చెప్పేలోపు మీరు చెయ్యగలిగింది ఒకటుంది: రాత్రి భోజనం కడుపు నిండా పెట్టండి. పడుకోబోయే ముందు ఒకసారి చూడండి. 100 కన్నా తక్కువ ఉంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తిననిచ్చి పడుకోబెట్టండి.

మళ్ళీ ఎప్పుడైనా 70 కన్నా కిందికి వస్తే మీరు ఆ రాత్రి చేసిందే చెయ్యండి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి, మళ్ళీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి. పెరిగాక ఏదైనా తినిపించాలి. తీపే కదా అని ఆ సమయంలో లడ్డూ పెట్టకండి, నెయ్యి ఉన్నది నెమ్మదిగా అరుగుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. గ్లూకోజ్ డబ్బా ఒకటి ఆయన మంచం పక్కనే ఉంచండి, మీరు స్కూలుకు వెళ్ళినప్పుడు ఆయన ఒంటరిగా ఉంటారు కదా.

ఇప్పుడు సాయంత్రం పునుగులు. మీకు అది దొంగతనంలా కనబడుతోంది. నాకు కొంచెం వేరేగా కనబడుతోంది. షుగర్ పడిపోతున్నప్పుడు మనిషికి ఆకలి మామూలుగా వెయ్యదు, నకనకలాడుతుంది. చెయ్యి వణుకుతుంది, చిరాకొస్తుంది, ఎదురుగా ఏది ఉంటే అది తినేస్తారు. పొద్దున బిళ్ళ, పన్నెండున్నరకు నాలుగు ముద్దల ఇష్టంలేని కొర్రన్నం, ఆ తర్వాత ఏమీ లేదు. ఐదింటికి ఆయన కాళ్ళు బండి వైపు లాక్కెళ్ళడంలో రుచి ఎంతో, షుగర్ పడిపోవడం ఎంతో మనకు తెలియదు. భోజనమయ్యాక 250 ఉన్న మనిషికి మూడు గంటల్లో పడిపోతుందా అని మీరు అడగొచ్చు. అన్ని రోజులూ ఒకేలా ఉండవు, మీరు స్కూల్లో ఉన్న రోజు ఆయన అసలు ఎంత తిన్నారో మీకూ తెలియదు. ఒక నాలుగు రోజులు, నాలుగున్నరకు, ఆయన చెప్పులేసుకోక ముందు మిషన్ పెట్టి చూడండి. 80, 90 వస్తుంటే అది ఆకలి, డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. 180 పైన ఉంటే జిహ్వచాపల్యం, దాని గురించి తర్వాత మాట్లాడదాం. ఏదైనా నాలుగున్నరకు గుప్పెడు ఉడికిన వేరుశనగలో, శనగ గుగ్గిళ్ళో, ఒక గ్లాసు మజ్జిగో ఆయన ముందు పెట్టి చూడండి. బండి దగ్గరికి వెళ్తే వెళ్తారు, కానీ ఎనిమిది పునుగుల ఆకలితో వెళ్ళరు.

రాగి జావ దగ్గర నాదీ తప్పుంది. విజయవాడలో డైటీషియన్‌గా ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో షుగర్ అని వచ్చిన ప్రతివాళ్ళకూ నేనూ రాగి జావే చెప్పాను. అందరూ చెప్పేవాళ్ళు. పొద్దున్నే నడకకు వెళ్ళినవాళ్ళు తిరిగొస్తూ బండి దగ్గర జావ తాగి, ఈ రోజుకు ఆరోగ్యం అయిపోయిందన్నట్టు ఇంటికి వెళ్తారు కదా, అలా. రాగులు మంచివే. కాల్షియంలో మన ధాన్యాల్లో వాటికి సాటి లేదు. కానీ 100 గ్రాముల రాగి పిండిలో 70 గ్రాములకు అటూ ఇటూగా పిండిపదార్థమే, బియ్యంలో అది 78. తేడా అంతే. దాన్ని మెత్తటి పిండి పట్టించి, నీళ్ళలో ఉడికించి, పలచగా కాచి తాగితే నమలాల్సిన పని లేదు, కడుపుకు అరగదీసే పని లేదు. నేరుగా రక్తంలోకి వెళ్తుంది. మీరు ఇడ్లీ ఆపేసి పెట్టిన పెద్ద గ్లాసుడు జావే టిఫిన్ తర్వాత ఆ 270కి కారణమని నా అనుమానం. పరగడుపు అంకె బాగుండి తిన్నాక అంకె ఎగురుతోందంటే లోపం రాత్రిలో లేదు, ఆ పూట పళ్ళెంలోనో గ్లాసులోనో ఉంది.

దాని బదులు రెండు పెసరట్లు వేసిపెట్టండి, లోపల ఉప్మా లేకుండా. పెసలు పప్పుధాన్యం కాబట్టి నెమ్మదిగా అరుగుతాయి. అల్లం పచ్చడిలో బెల్లం మాత్రం మానండి, మన వైపు చెయ్యి కాస్త ధారాళంగా పడుతుంది. ఇడ్లీయే కావాలంటే రెండు ఇడ్లీలు, పైన గిన్నెడు కూరముక్కల సాంబారు, పల్లీల చట్నీ. జావ తాగకపోతే ఉండలేనంటే చిన్న కప్పు, తోడుగా ఒక ఉడికిన గుడ్డు.

కొర్రలకు వద్దాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక మన ఊళ్ళలో కిరాణా కొట్టువాళ్ళు వాటికి ఒక అలమర ఇచ్చేశారు. పాలిష్ పట్టిన బియ్యం కన్నా వాటిలో పీచు ఎక్కువ, అది నిజం. అయితే అవీ ధాన్యమే. ‘షుగర్‌కి మంచిది’ అన్న ధైర్యంతో రెట్టింపు తిన్నా, గింజ తెలియకుండా ముద్దలా ఉడికించినా లాభం పోతుంది. ఇక ఇష్టం లేకుండా తిన్న అన్నం ఏ ధాన్యమైనా మనిషిని బండి దగ్గరికే పంపుతుంది. ఆయనకు నచ్చితే ఉంచండి. నచ్చకపోతే ఆయన వరన్నం ఆయనకిచ్చెయ్యండి, కొలత మాత్రం తెలిసి ఇవ్వండి. వండిన అన్నం 150 గ్రాముల కప్పులో సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, మామూలు పుల్కాలో 15, 18. అంటే రెండున్నర పుల్కాలూ ఒక కప్పు అన్నమూ దాదాపు ఒకటే. రాత్రి అన్నం మానేసి పుల్కా తింటున్నామని చాలామంది పుణ్యం చేసినట్టు చెబుతారు, నాలుగు పుల్కాలు తిని. మనం తినేది పక్కనున్న బాపట్లలో పుట్టిన బీపీటీ బియ్యం. సన్నగా, మెత్తగా, పెరుగన్నం దాకా వచ్చాక కూడా ఇంకో గరిటె అడిగేలా ఉంటుంది. గొప్పా అదే, ఇబ్బందీ అదే.

మీ మామగారి భోజనం ఒకసారి కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోండి. ముందు పప్పు, అందులోకి అన్నం. తర్వాత కూర, మళ్ళీ అన్నం. పచ్చడి, మళ్ళీ అన్నం. చారు, మళ్ళీ అన్నం. పెరుగు, మళ్ళీ అన్నం. ఐదు దశలు, ఐదు సార్లు అన్నం. కూరలో తప్పు లేదు, పప్పులో తప్పు లేదు, ప్రతిదానికీ అన్నమే వాహనం కావడంలో ఉంది కిటుకు. మీరు అన్నం ఆపేశారు, నేనైతే వాహనాలు తగ్గిస్తాను. ముందుగా ఒక గిన్నెలో బీరకాయో, సొరకాయో, దొండకాయో, చిక్కుడో, కూర ఒట్టిగా తినేలా పెట్టండి. తర్వాత గట్టి పప్పు చెంచాతో. ఆ రెండూ అయ్యాక అన్నం. కూర, పప్పు ముందు వెళ్ళి అన్నం ఆఖరున వెళ్తే, అదే అన్నానికి షుగర్ పెరిగే వేగం తగ్గుతుంది. ఆ కప్పు అన్నాన్ని ఆయన ఎలా పంచుకుంటారో ఆయన ఇష్టం. సగం గోంగూరకు, సగం పెరుగుకు. నువ్వులనూనె చుక్క, పచ్చి ఉల్లిపాయ ముక్క, పక్కన గోంగూర. దాన్ని కూడా మాన్పించే డైటీషియన్‌కు గుంటూరులో ఇల్లు అద్దెకివ్వరు. గోంగూరతో షుగర్ పెరగదు, దానికోసం కలిపే అన్నంతో పెరుగుతుంది. బీపీ ఉంటే ఉప్పు సంగతి చూసుకోవాలి, ఆవకాయకూ అంతే.

అన్నం తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు వరండాలోనే అటూ ఇటూ తిరగమనండి. పొద్దున గంట నడక కన్నా తిన్నాక అంకె మీద ఇదే ఎక్కువ పనిచేస్తుంది, అందులో మే నెల గుంటూరు ఎండల్లో బయట నడవమని చెప్పే ధైర్యం నాకు లేదు. బెల్లం, తేనె, తాటిబెల్లం, ఇవన్నీ పంచదార చుట్టాలే, మంచివని వాడొద్దు. మామిడిపండ్ల రోజుల్లో రసాలు పిండుకుని తాగడం వద్దు. బంగినపల్లి రెండు ముక్కలు, ఆ పూట అన్నం కాస్త తగ్గించుకుని.

ఇక వదిలెయ్యాలా, గట్టిగా ఉండాలా అన్నది.

గట్టిగా ఉండడం అంటే ఇప్పుడు మీరు చేస్తున్నదే. ఇలాగే సాగితే కొన్ని అంకెలు దిగొచ్చు. దాంతో పాటు దాచుకుని తినడం పెరుగుతుంది, మీరు బీరువాలు వెతకడం పెరుగుతుంది, ఆ ఇంట్లో ఒక కోడలు, ఒక కాపలాదారు ఇద్దరూ మీరే అవుతారు. దాచుకుని తిన్నవి మీ లెక్కలోకి రావు కాబట్టి డాక్టరు కూడా తప్పు లెక్క మీద మందు రాస్తారు. అసలు ప్రమాదం అది.

మీ వారు చెప్పినట్టు వదిలెయ్యడం కూడా ఒక దారే, నేను కొట్టిపారెయ్యను. ఆ దారి పట్టే కుటుంబాలున్నాయి, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ అందులోనూ పని ఉంటుంది. రోజూ పాదాలు చూడాలి, సంవత్సరానికోసారి కళ్ళు, కిడ్నీ పరీక్షలు చేయించాలి, షుగర్‌ని పడగొట్టే మందు లేకుండా చూసుకోవాలి, మానని పుండు పడితే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ పరుగెత్తేది ఎవరో ముందే తేల్చుకోవాలి. “తినేదేదో తిననివ్వు” అన్న మనిషి నాలుగు రోజులు ఒంగోలులో ఉంటారు. ఒక మాట ఆయన్ను అడగండి: “మీరు ఇంట్లో ఉండే మూడు రోజులు రాత్రి మిషన్ పెట్టడం, భోజనం వడ్డించడం మీది, సరేనా?” ఆ తర్వాత ఆయన ఏ దారి మంచిదంటారో విందాం. ఇంకొక్క సంగతి, తండ్రికి షుగర్ ఉంది కాబట్టి ఆయనా ఒకసారి పరగడుపు పరీక్ష చేయించుకోవడం మంచిది. 100 దాటితే ఈ ఉత్తరం ఆయనకూ పనికొస్తుంది.

మూడో దారి నాకు నచ్చేది. నచ్చిందని మీ మీద రుద్దను, ఎందుకంటే అందులో మీరు వదులుకోవాల్సింది ఒకటుంది. గరిటె.

ఆయన 30 ఏళ్ళు యార్డులో టిక్కీల, అంటే మిర్చి బస్తాల లెక్క రాసిన మనిషి. ఎన్ని వచ్చాయి, కాటా మీద ఎంత తూగాయి, ఎంత కోత పోయింది, రైతుకు ఎంత వెళ్ళాలి. ఒక్క అంకె తేడా వస్తే రాత్రి నిద్రపోని ఉద్యోగం. అలాంటి మనిషికి ఇంట్లో ఇప్పుడు లెక్క లేదు. వేలు చాపడం, మీరు గుచ్చి చూసి ముఖం చిట్లించడం, అంతే. ఆ మిషన్, స్ట్రిప్పుల డబ్బా, ఒక పాత రూళ్ళ పుస్తకం ఆయన చేతికివ్వండి. గళ్ళు ఆయన్నే గీసుకోమనండి. తేదీ, ఏం తిన్నారు, తినే ముందు ఎంత, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఎంత. స్ట్రిప్పులు ఊరికే రావు కాబట్టి రోజుకు ఒక పూట చాలు. ఒకరోజు జావ, ఒకరోజు పెసరట్టు, ఒకరోజు కొర్రన్నం, ఒకరోజు కూర ముందు తిని అన్నం. ఒకరోజు, మీకు చెప్పి మరీ, పునుగులు. ఏ తిండికి ముప్ఫై పెరిగింది, దేనికి నూట ఇరవై పెరిగింది అన్నది ఆయన చేత్తో రాసుకున్న అంకెల్లో ఆయనకే కనబడుతుంది. మీరు చెబితే కోడలి సాధింపు, పుస్తకం చెబితే లెక్క.

దీనికీ ఖర్చుంది. మొదటి పది రోజులు అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మీకు టెన్షన్ వస్తుంది, నోరు కట్టేసుకోవాలి. ఆయన పుస్తకాన్ని రెండో రోజే మూలకు నెట్టెయ్యొచ్చు కూడా. అప్పుడు మళ్ళీ కొలత కప్పు దగ్గరికే రావాల్సి ఉంటుంది, కానీ ఈసారి డాక్టరు నోటి నుంచి, ఆయన ముఖం చూసి చెప్పించండి. పోయినసారి డాక్టరు ఎవరితో మాట్లాడారు, ఆయనతోనా, మీతోనా? మీతోనే అయి ఉంటుంది. ఈసారి కుర్చీలో ఆయన్ను ముందు కూర్చోబెట్టండి.

హెచ్‌బీఏ1సీ గమ్యం ఎంతో కూడా అక్కడే అడగండి. మీ ఉత్తరంలో ‘ఆరుకు తేవాలి’ అని రాశారు. 71 ఏళ్ళు, 12 ఏళ్ళ షుగర్, ఒకసారి 54 కి పడ్డ మనిషికి ఆరు ఎవరూ అడగరు. ఇలాంటివాళ్ళకు ఏడున్నర, ఎనిమిది దగ్గర ఆగినా చాలామంది డాక్టర్లు సరేనంటారు. ఆయన 8.9 అంటే మూడు నెలల సగటు సుమారు 209. ఎనిమిది అంటే 183. ఆ దూరం ఒక గ్లాసు జావ, రెండు గరిటెల అన్నం, భోజనమయ్యాక వరండాలో పదిహేను నిమిషాల నడకతో అందుకోదగ్గదే అనిపిస్తుంది నాకు. ఆ 8.9 కూడా ఆర్నెల్ల పాతది, ముందు మళ్ళీ చేయించండి. మీరు ఈ ఆర్నెల్లు ఎంత చేశారో అందులో కనబడినా కనబడొచ్చు.

వంట మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే చెయ్యండి. ఆయనకు వేరే గిన్నె, వేరే అన్నం పెట్టిన రోజు నుంచే ‘గుప్పెడు మెతుకులు’ మొదలైంది. పిల్లలూ కూర ముందు తింటారు, మీ వారూ తింటారు, మీరు ఒంటరిగా కొర్రన్నం తినే పని ఉండదు. కూర గిన్నె, పప్పు గిన్నె, అన్నం గిన్నె బల్ల మీద పెట్టి ఆయన్నే వడ్డించుకోనివ్వండి. 45 ఏళ్ళో ఎన్నేళ్ళో అత్తగారు కొసరి కొసరి వడ్డించిన చెయ్యి లేకుండా పోయింది, ఆ చోటులో మీరు కొలిచి వడ్డిస్తే ఎంత ప్రేమగా కొలిచినా తక్కువగానే కనబడుతుంది. బంతిలో ఆయన అన్న మాటలో సగం మీకు చెందదు.

ఇక ఆ లడ్డూల డబ్బా. మీరు చూశారని ఆయనకు తెలుసో లేదో రాయలేదు. తీసి పారెయ్యకండి, అందరిలో అడగకండి. ఎవరూ లేనప్పుడు, “మామయ్యగారూ, అవి పంచెల కింద ఉంటే చీమలు పడతాయి, వంటింట్లో పెడతాను” అనండి. పై అరలో, ఆయన చెయ్యి అందేచోట పెట్టండి. ఆదివారం భోజనంలో ఒకటి, ఆ పూటకు పెరుగన్నం మానుకుని. డబ్బాలో ఎన్ని ఉన్నాయో మీరు లెక్కపెట్టకండి. తిన్నరోజు పుస్తకంలో ఆయనే రాసుకుంటారు.